సున్నా ఆంపియర్ల ఇల్లు

అయ్యా,

విద్యుత్ శాఖ సెక్షన్ అధికారి గారి సముఖమునకు, గడియారాల కొట్టు పైవాటాలో కాపురముండు రిటైర్డు సైన్సు టీచరమ్మ నమస్కరించి రాసుకొను అర్జీ.

విషయం: "నివాసము లేదు" అను కారణముపై మా మీటరు తొలగించుటకు ఇచ్చిన నోటీసును, నేనే నివాసమున్నందున, రద్దు చేయ కోరుట గురించి.

1. తమ కార్యాలయం వారు మా మెట్ల తలుపుకు నోటీసు అంటించినారు. వినియోగము మిక్కిలి స్వల్పముగా నున్నందున ఇల్లు ఖాళీగా భావించి, వచ్చే సోమవారం సర్వీసు తొలగించబడునని అందులో కలదు. సదరు నోటీసును నేను లోపలి నుంచి తలుపు తీసుకుని వచ్చి చదివితిని. ఖాళీ ఇంట్లోంచి వచ్చినదెవరో తమరే విచారించవలెను.

2. అంతకుముందు తనిఖీకి తమ లైన్‌మన్ వచ్చియున్నాడు. మంచివాడే, చెప్పులు బయట విడిచి వచ్చాడు. మా ఇరువురి మధ్య జరిగిన సంభాషణ ఉన్నదున్నట్లు సమర్పించుకొనుచున్నాను.

"సిస్టంలో ఈ ఇంట్లో ఎవరూ లేరని వచ్చిందమ్మా."

"మరి నీతో మాట్లాడేది ఎవరు నాయనా?"

"మీరున్నారు గానీ, కరెంటు వాడకం లేదు కదమ్మా. ఏదన్నా పెద్దది వెయ్యండి, చూద్దాం."

నేను ఇస్త్రీపెట్టె వేసితిని. అతడు పటకారు లాంటి తన మీటరును తీగలకు పట్టించి, పెదవి విరిచి, "సున్నా" అన్నాడు.

"పెట్టె మీద చెయ్యి పెట్టి చూడు, తెలుస్తుంది."

"చెయ్యి కాలితే రాసుకునే గడి లేదమ్మా మా దగ్గర. మీటరు ఎంత చూపిస్తే అంతే."

3. సాంకేతిక లోపము. అతడు పటకారు మీటరును రెండు తీగలకూ కలిపి పట్టించినాడు. ఒక తీగలో వెళ్ళిన కరెంటే రెండో తీగలో తిరిగి వచ్చును. రెండింటినీ కలిపి పట్టుకుంటే ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా చూపక చస్తుందా? ఒక్క తీగనే పట్టించవలెను. ఈ మాట మెట్ల దాకా వెంటపడి చెప్పితిని. "ఇంకా చాలా ఇళ్ళున్నాయమ్మా" అంటూ దిగిపోయాడు. అతనిపై చర్య వద్దు. తొమ్మిదో తరగతిలో ఇంతకన్నా ఘోరాలు చూసినదాన్ని.

ఇస్త్రీపెట్టె రేకు మీద 230 వోల్టులు, 5 ఆంపియర్లు అని ఉన్నది. వోల్టులను ఆంపియర్లతో భాగించిన నిరోధము 46 ఓములు. రెంటినీ గుణించిన సామర్థ్యము 1150 వాట్లు. హాల్లోని పాత బల్బు పావు ఆంపియరు తీసుకొనును, కాబట్టి నిరోధము 920 ఓములు, సామర్థ్యము యాభై ఏడున్నర వాట్లు. తమవారి నివేదిక ప్రకారమైతే 230ని సున్నాతో భాగించవలెను. ఆ పని నేను నా సర్వీసులో ఏ పిల్లవాడినీ చేయనివ్వలేదు, ఇప్పుడు తమ శాఖనూ చేయనివ్వను.

4. వినియోగము తగ్గుటకు కారణము. ఇంట్లో వస్తువులు ఒక్కొక్కటే వేసేకొద్దీ అవి సమాంతరంగా కలిసి, మొత్తం నిరోధము తగ్గి, కరెంటు పెరుగును. మా వారు ఉండగా ఈ ఇంట్లో నిరోధము బహు తక్కువ. ఆయన ఏ గదిలో ఉంటే ఆ గదిలో లైటు, ఫ్యాను, రేడియో, వదిలిన గదిలోనూ లైటు, ఫ్యాను, రేడియో. "ఆర్పి రావచ్చుగా" అంటే, "మళ్ళీ వెళ్తానుగా, ఎందుకూ?" అనేవారు. బయటికెళ్ళే పని లేని రోజున కూడా ఇస్త్రీ చొక్కాయే కావాలి మహానుభావుడికి. ఆ పెట్టెతో నేను వేగలేక చచ్చేదాన్ని. కిందటి చలికాలంలో ఆయన పోయారు.

ఇప్పుడు నేను ఏ గదిలో ఉంటే ఆ గదిలోనే దీపం. రెండో గదిలో వేసి ఎవరికి చూపించను? ఒక్కదానికి ఫ్రిజ్ ఎందుకని తీసేశాను. రేడియో పెడితే ఆయన ఏ గదిలోంచో "సౌండు పెంచవే" అంటారేమోనని చెవి అటే పోతుంది, అందుకని పెట్టను. అధికారి గారూ, లెక్క ప్రకారం మనిషి ఉంటే కరెంటు వాడాలి గానీ, వాడటానికి నాకు కారణాలు దొరకట్లేదండీ. అంతమాత్రాన ఇల్లు ఖాళీ అని రాసేస్తారా? ఆ అక్షరాలు చూసి కాసేపు నాకే అనుమానం వచ్చి, వంటింట్లోకి వెళ్ళి నాలుగు గిన్నెలు చప్పుడు చేసి వచ్చాను.

పై పేరాలో భాష హద్దు తప్పినది, మన్నించగలరు.

5. కావున తొలగింపు ఉత్తర్వు నిలిపివేసి, ఒక్క తీగకు మీటరు పట్టించి, మరల తనిఖీ జరిపించి, "నివాసము కలదు" అని రికార్డులో నమోదు చేయించవలసినదిగా ప్రార్థన. నేను రాసిన లెక్కలతో సహా ఇదంతా తీరిక చేసుకుని చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
పైవాటా టీచరమ్మ

తా.క.: నా లెక్కలు చూసి, కాగితం మీదే ఒప్పేసుకుని ఫైలు మూసేస్తారేమో, దయచేసి ఆ పని మాత్రం చేయకండి. లెక్క కుదిరిందని ప్రయోగం మానేయకూడదు. ఎవరినైనా పంపండి. ఆ లైన్‌మన్ అయినా సరే, మళ్ళీ తప్పుగా పట్టించినా సరే, నేర్పుతాను. ఒకవేళ తీసేయాలనే తీర్మానించారనుకోండి, వీధిలో స్తంభం మీదే కోసేసి వెళ్ళిపోకండి. మెట్లెక్కి పైకి వచ్చి, తలుపు కొట్టి, నాతో చెప్పి కోయండి.