మూడు వేళ్ల మడత

అక్కా, నేను బాగానే ఉన్నాను, దిగులు పడకు. కేసు తేలేదాకా పాప వాళ్ల నాన్న దగ్గరే ఉండాలన్న తాత్కాలిక ఉత్తర్వు మీద నిన్న అప్పీలు వేశాం. టైలరు షాపు కట్టేసేసరికి రాత్రి ఎనిమిదవుతుందని కోర్టులో నా నోటితో నేనే చెప్పుకున్నాను కదా, అదే నా కొంప ముంచింది.

శనివారం కోర్టు గదిలో పాపను రెండు గంటలు చూపించారు. పోయినేడాది నేను కుట్టిన నీలం గౌనే వేసుకొచ్చింది. పెరిగే పిల్ల కదా అని అప్పుడు అంచున మూడు వేళ్ల మడత పెట్టాను. ఆ మడత విప్పేసి, ఎవరో వంకరటింకరగా కుట్టారు. "నానమ్మ పొడుగు చేసిందమ్మా, బాగుందా?" అంది. బాగుందన్నాను. ఆవిడకు చూపు ఆనదు, సూదిలో దారం ఎలా ఎక్కించిందో పాపం.

నువ్వొచ్చి మా ఇంట్లో ఉండి పాపను చూసుకుంటానని కాగితం రాసి, సంతకం పెట్టి పంపు. నోటిమాట చెల్లదట. అమ్మ మోకాలినొప్పి తగ్గిందా? బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

కార్డు మీద చోటు చాలక అడ్రసు పక్కన ఇరికిస్తున్నాను. అప్పీలు ఎన్నాళ్లు పడుతుందని అడిగితే లాయరుగారు "చెప్పలేమమ్మా" అన్నారు. పాపకు కొత్త గౌను కుట్టాను. ఈసారి ఆరు వేళ్ల మడత పెట్టాను.

నీ చెల్లి