మిగిలిన కణుపు

జూన్ 9, ఆదివారం

అమ్మకు,

నమస్కారాలు. నేను బాగున్నాను, నువ్వూ నాన్నా బాగున్నారని తలుస్తాను అని మొదలుపెట్టడం మర్యాద. మొదటి సగం దాదాపు నిజమే. రెండో సగం సంగతి నీకే తెలియాలి.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని విసుక్కోకు. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెడతావు. ముందు గదిలోంచి నాన్న, గ్యాస్ అయిపోయిందేమో మీ అమ్మని అడుగు, అంటాడు. ఇంకా ఉందని మీ నాన్నతో చెప్పు, అంటావు నువ్వు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మీ ఇద్దరి మధ్యా ఇదే వరస. పక్కపక్క గదుల్లో ఉన్న ఇద్దరి మాటలు, ఎక్కడో ఉన్న నా చెవిలో దూరి బయటికి రావాలి. కాగితానికి ఆ బాధ లేదు. ఇది నీకొక్కదానికే.

ముందు కబుర్లు. కళ్ళద్దాల దుకాణంలో కుదురుకున్నాను. వచ్చినవాళ్ళ చేత గోడమీది అక్షరాల అట్ట చదివించడం నా పని. పై వరుస అందరూ గడగడా అప్పజెప్పేస్తారు. కింది వరుస కనిపించడం లేదని మాత్రం ఒక్కరూ ఒప్పుకోరు. నిన్న ఒక పెద్దాయన, ఆ అక్షరం అచ్చే సరిగ్గా పడలేదమ్మాయ్, అట్ట మార్పించు, అని నన్నే కేకలేశాడు. నవ్వొచ్చింది. మనిల్లు గుర్తొచ్చి ఆగిపోయింది.

నేను చదివిన చదువుకీ ఈ పనికీ ఏ చుట్టరికమూ లేదని యజమానురాలికి తెలుసు, నాకూ తెలుసు. మ్యూజియంలో ఉండాల్సినదాన్ని.

ఆ ఉద్యోగం వచ్చిందనగానే నువ్వు పడిన సంబరం నిజమేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. ఒంటిగదిలో బిక్కుబిక్కుమంటూ ఉంటావే, తోడుగా మన మొక్కని పంపుతాను, అన్నావు. వంటింటి కిటికీ ఊచలకు అల్లుకున్న మనీ ప్లాంటులోంచి నా చెయ్యంత పొడవు తీగ చూసి, కణుపు కిందగా కత్తిరించావు. కింది ఆకులు తుంచి, పొడుగాటి ఆకుపచ్చ సీసాలో కుళాయి నీళ్ళు పోసి నిలబెట్టావు. వేళ్ళు రానీ, కుండీలో పెట్టి నీ చేతికిచ్చి నేనే బస్సెక్కిస్తాను, అన్నావు. మనింట్లోంచి ఎవరు వెళ్ళినా తలుపు ధడేలుమనిపించే వెళ్తారు. నేనొక్కదాన్నయినా నీ చేత నవ్వుతూ వెళ్ళిరా అనిపించుకుందామనుకున్నాను. అదీ నా కక్కుర్తి.

రోజు విడిచి రోజు నీళ్ళు మార్చేదానివి. నేను సీసా ముట్టుకోబోతే, పదేపదే తీసి చూడకే, వేళ్ళు సిగ్గుపడతాయి, అనేదానివి. సరేనని ముట్టుకోలేదు. పైవాటా టైలరు పిన్ని ఇచ్చిన కొమ్మలు అదే కిటికీలో, అవే నీళ్ళలో వేళ్ళు తొడిగి కుండీలకు వెళ్ళిపోయాయి. నా తీగ మాత్రం మొరాయించింది. మనీ ప్లాంటుకి వేళ్ళు రాకపోవడమేమిటే, గాలి తగిలితే వేళ్ళు వేసే మొక్క అది, మీ అమ్మ చెయ్యి పడితే చీపురుపుల్లే చిగురిస్తుంది, అని పిన్ని నోరు నొక్కుకుంది. దీని పోలికే వచ్చింది, మొండిది, అని నన్ను చూపించి నవ్వావు. నేనూ నవ్వాను.

కొన్నాళ్ళకు తీగని సాస్ సీసాలోకి మార్చావు. ఆ తర్వాత దగ్గుమందు సీసాలోకి. సీసా చిన్నదైతే త్వరగా వస్తాయన్నావు. ఇంత చదివినదాన్ని, అదీ నమ్మాను.

నేను వేళ్ళ కోసం ఆగుతుంటే మ్యూజియం వాళ్ళు ఒకసారి గడువిచ్చారు. రెండోసారి అడిగితే వేరే అమ్మాయిని తీసుకున్నారు. ఆ కబురు తెలిసి వంటింట్లో కూలబడితే నువ్వు నా తల నిమిరావు. ఏడవకే పిచ్చిదానా, ఇంతకన్నా మంచిదొస్తుంది, అన్నావు. నీ చెయ్యి తడిగా ఉంది. అప్పుడే సీసాలో నీళ్ళు మార్చి వచ్చావు.

అందుకే ఈ దుకాణం కబురు రాగానే ఏ వేళ్ళ కోసమూ ఆగలేదు. దగ్గుమందు సీసా సంచిలో పెట్టుకుంటుంటే, వేళ్ళు రాకుండానే తీసుకెళ్తున్నావా, చచ్చిపోతుందే, అన్నావు, పొయ్యి వైపు తిరిగే. ముందు గదిలోంచి నాన్న, మళ్ళీ ఎప్పుడొస్తుందో, అని మొదలుపెట్టాడు. అడుగు అనడానికి మధ్యలో మనిషి లేదు. నేను మెట్లు దిగుతున్నాను. పైన ఇంట్లో ఎవరూ ఏమీ అనకపోవడం కింది మెట్టు దాకా వినిపించింది.

ఆరోగ్యం జాగ్రత్త. మోకాలికి నూనె రాయమని నాన్నకి చెప్పు. చెప్పగలిగితే.

ఇట్లు,
ఇన్నేళ్ళూ మీ మాటలు మోసిన
నీ కూతురు

తా.క. మొక్క బతికే ఉంది. నువ్వు అడగవు కాబట్టి నేనే చెబుతున్నాను.

బయల్దేరిన రోజు పొద్దున సింకులో నీళ్ళు పోవడం లేదని జాలీ ఎత్తాను. టీ పొడి కింద వేళ్ళు దొరికాయి. తెల్లగా, నా చిటికెన వేలంత పొడుగున, ఒక కణుపు ముక్కతో సహా. పక్కనే కత్తెర కడిగి ఆరబెట్టి ఉంది. అప్పుడు మొదటిసారి తీగని సీసాలోంచి పైకి తీశాను. చివర కోత పచ్చిగా ఉంది. నా చెయ్యంత తీగ ఒక్క కణుపూ ఒక్క ఆకూ అయిపోయింది. సీసాలు ఎందుకు పొట్టివయ్యాయో అప్పటిగ్గానీ నా బుర్రకెక్కలేదు. వేళ్ళు రాకపోవడమేమిటి, వచ్చిన ప్రతిసారీ కోశావు.

ఎందుకో నాకు తెలుసమ్మా. నేను వెళ్తే ఆయనతో నువ్వే మాట్లాడాలి. వెళ్ళొద్దని ఒక్క మాట అని ఉంటే నీతో పోట్లాడేదాన్ని. పోట్లాడి అయినా ఇవాళ మ్యూజియంలో ఉండేదాన్ని.

ఇక్కడ ఉత్త కుళాయి నీళ్ళలోనే, ఎవరూ ముట్టుకోకపోయేసరికి, దానికి వేళ్ళు వచ్చాయి.

కత్తెర కనిపించక ఇల్లంతా వెతికి ఉంటావు. అది నా దగ్గరుంది. చూశావా అని నాన్నని అడిగావా?