ఎనిమిది గ్లాసుల ముక్కలు

ఆదివారం, రాత్రి

ఈ ఏటి ఆవకాయ పెట్టేశాం. అత్తయ్య నాలుగు గ్లాసుల మామిడి ముక్కలకి ఉప్పు, కారం, ఆవపిండి ఒక్కో గ్లాసు వేస్తారు. నేను కాపురానికొచ్చిన నాటి నుంచీ అదే కొలత. ఇవాళ ముక్కలు ఆరు గ్లాసులు. కారం, ఆవపిండి ఒకటిన్నర చొప్పున సరిగ్గానే వేసి, ఉప్పు మాత్రం రెండు పోసేశారు.

ఇక్కడి హిందీ బళ్ళో నిష్పత్తులు నేర్చుకుంటున్న మా అమ్మాయి పింకీ ఊరుకోలేదు. "దాదీ, నమక్ డేఢ్ గ్లాస్ హోనా చాహియే." ఉప్పు ఒకటిన్నర గ్లాసే పడాలట.

"ఏటే గుంటా, నా సేతికి తెల్దేటి?" అని నవ్వారు గానీ, ఆ చెయ్యి బేసిన్లోనే ఆగిపోయింది. నా వైపు చూశారు.

"పర్సుడీహ్‌లో వదినకీ పంపాలని ఎక్కువేసేరు కదత్తయ్యా. ముక్కలట్టుకొత్తాను," అన్నాను.

"అదే మరి," అన్నారు.

కాసిడీహ్ బజారులో కాయలు కొట్టించి తెచ్చి ఇంకో రెండు గ్లాసుల ముక్కలు, అరగ్లాసు కారం, అరగ్లాసు ఆవపిండి కలిపాను. ఎనిమిదికి రెండు. పింకీ లెక్క చూసి సరిపోయిందంది. నాకూ మనసు కుదుటపడింది. ఏదో ధ్యాసలో పడి ఒక్కసారి పొరబడ్డారంతే అనుకున్నాను.

సాయంత్రం జాడీకి వాసెన కడుతూ అత్తయ్య మెల్లగా అడిగారు.

"అమ్మా, ఇందులో ఉప్పేసీసేనా?"