కొత్తవాళ్లొస్తే రాదనాలి

నిజాంపేట,
ఆదివారం, చర్చి నుంచి వచ్చాక.

అమ్మకు బ్లెస్సీ వందనాలు.

దేవుని దయవల్ల ఇక్కడ నేను బాగున్నాను. అక్కడ నీ మోకాలి నొప్పి తగ్గిందనీ, నాన్న బీపీ మాత్రలు మానలేదనీ, తమ్ముడు ఇమ్మాన్యుయేల్ పుస్తకం పట్టుకుంటున్నాడనీ అనుకుంటున్నాను. ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుతావు. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెడతావు. పక్కింటివాళ్ల దగ్గర్నుంచి పాలాయన దాకా అందరూ వింటారు. ఇది నువ్వొక్కదానివే చదవాలి.

పచ్చడి సీసా, అందులో పెట్టిన చీటీ అందాయి. హాస్టల్ అన్నం ఎలా ఉందని అడిగావు. బాగోలేదు, నీ పచ్చడితోనే గడుస్తోంది. ఆఫీసు మానేశావా అన్నావు. మానలేదు, రోజూ రాయదుర్గం వెళ్తూనే ఉన్నాను. జోర్డాన్‌లో చలెక్కువట, స్వెట్టర్ అల్లుతున్నాను, సాగనంపే ప్రార్థన ఏ ఆదివారం పెట్టించమంటావు అని రాశావు. దానికి జవాబు చెప్పాలంటే ముందు కొన్ని సంగతులు చెప్పాలి.

శరణార్థుల శిబిరాల్లో పనిచేయడానికి ఆ విదేశీ సంస్థవాళ్లు ఊరికే తీసుకోరు. ముందు రెండేళ్లు మన దగ్గరే స్వచ్ఛందంగా పనిచేయాలి. ఆ పని వల్ల అక్కడివాళ్లకు మేలు జరిగిందో లేదో వాళ్ల మనిషి వచ్చి చూస్తుంది. పని చేయించుకున్న సంస్థ సిఫారసు ఇవ్వాలి. నేను శనివారాలు గోపన్‌పల్లి వెళ్లింది అందుకే. అపార్ట్‌మెంట్లు కట్టే కూలీల రేకుల షెడ్ల మధ్య ఒక గది. నడిపేది వెంకటనారాయణ గారు. అక్కడ పిల్లలకు చదవడం నేర్పాను. అనూష గురించి ఫోన్లో చెప్పేదాన్ని కదా, సాయమ్మ కూతురు. కథల పుస్తకం గడగడా చదివేది. నేను పేజీ తిప్పడం ఆలస్యమైతే కసిరేది: "జర జల్ది తిప్పు మేడం, పులి ఏమైందో సూడాలె!"

పోయిన నెల ఆ విదేశీ సంస్థ తరఫున నవనీత గారు వచ్చారు. నేను అనూషను ముందుకు పిలిచి అదే పుస్తకం చేతికిచ్చాను. అనూష ఆమె మెడలో ఐడీ కార్డు చూసి తల దించుకుంది.

"నాకు రాదు మేడం."

బోర్డు మీద 'అ' రాశాను. పిల్లలెవరూ నోరు విప్పలేదు. నేను వంగి, ఏమైందే అని అడిగితే అనూష నా చెవిలో చెప్పింది: "కొత్తోళ్లు గద మేడం. కొత్తోళ్లొస్తే రాదనాలె, సార్ చెప్పిండు. అన్నీ వస్తయంటే ఇగ బిర్యానీ తేరంట."

గుసగుసే అయినా గది చిన్నది. నవనీత గారు విన్నారు.

తర్వాత నేను అడిగి తెలుసుకున్నవి ఇవి. ఆదివారాలు కంపెనీల ఉద్యోగులు మెడలో ఐడీ కార్డులతో బస్సుల్లో వస్తారు. ప్రతి జట్టూ 'ఏ ఫర్ యాపిల్' దగ్గరే మొదలుపెడుతుంది. ప్రతి జట్టూ ఒకే గోడకు బొమ్మలు వేస్తుంది. పాత బొమ్మల మీద సున్నం కొట్టి గోడ సిద్ధంగా ఉంచుతారు. ఫొటోలు దిగి, బిర్యానీ పంచి, విరాళమిచ్చి వెళ్లిపోతారు. ఆ పిల్లలకు జీతమిచ్చి పెట్టిన టీచరు ఎప్పుడూ లేరు.

వెంకటనారాయణ గారు నన్ను పక్కకు పిలిచారు. "పిల్లలు సిగ్గుపడ్డారని చెప్పండమ్మా, సరిపోతది. నా లెటర్ లేకుంటే మీకు జోర్డాన్ లేదు గదా."

నేను నవనీత గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఇన్నాళ్లూ మీకు తెలియలేదా అని ఆవిడ అడిగారు. నేను శనివారం వస్తాను, వాళ్లు ఆదివారం వస్తారు అన్నాను. గోడ మీద బొమ్మలు మారడం చూడలేదా అన్నారు. చూశాను. బాగున్నాయనుకున్నాను.

నిజం చెప్పినందుకు మెచ్చుకుంటూ మెయిల్ వచ్చింది. సిఫారసు లేదు కాబట్టి ఎంపిక చేయలేకపోతున్నామని అందులోనే ఉంది. అమ్మా, నేను జోర్డాన్ వెళ్లడం లేదు.

సంగతి కంపెనీలకు తెలిసి బస్సులు ఆగిపోయాయి. వెంకటనారాయణ గారు గదికి తాళం వేసి, వేరేచోట మొదలుపెట్టారట. సాయమ్మ మా ఆఫీసు పక్క టవర్లో హౌస్‌కీపింగ్ చేస్తుంది. మెట్రో మెట్ల దగ్గర ఎదురుపడి నిలదీసింది.

"నిజం చెప్పినవంట గద మేడం. మంచిగనే చెప్పినవ్. నీకేంది, ఏసీల కూసుంటవ్. మా పిల్ల వారానికొక్కపారి కడుపు నిండ తింటుండె, అది గూడ పోయె."

"నేనొస్తాను సాయమ్మా. నేనే చదువు చెబుతాను."

"ఎన్ని దినాలు? నువ్వు గూడ యాడికో పోతందుకే వస్తివి గద!"



నిన్న శనివారం ఆఫీసులో పనుంటే చూసుకుని, అటునుంచి అటే గోపన్‌పల్లి వెళ్లాను. తాళం వేసిన గది ముందు అరుగు మీద కూర్చున్నాను. అనూష వచ్చి, నా వెనక రోడ్డు వైపు చూసింది. "బస్సు రాలే?" అంది. లేదు, నేనొక్కదాన్నే అని పులి కథ తీశాను. అది నా మెడ వైపు చూసింది. ఐడీ కార్డు తీయడం మర్చిపోయాను.

"నాకు రాదు మేడం," అంది.

"అనూషా, నేనే, బ్లెస్సీ మేడంని."

"ఎర్కనే," అంది. పుస్తకం ముట్టుకోలేదు.

స్వెట్టర్ విప్పేయకు, తమ్ముడికి సరిపోతుంది. ప్రార్థన అక్కర్లేదని పాస్టరు గారికి చెప్పు. ఎందుకని అడిగితే ఎంపిక కాలేదని చెప్పు చాలు. నిజం చెప్పి పోగొట్టుకుందని మాత్రం అనకు. ఆయన దాన్ని సాక్ష్యంగా చెప్పిస్తారు. సంఘమంతా చప్పట్లు కొట్టి హల్లెలూయ అంటుంది. ఆ చప్పట్లు నాకొద్దు.

ఇట్లు,
ఎక్కడికీ వెళ్లని నీ కూతురు,
బ్లెస్సీ