ఓబులమ్మ అంటేనే పలికింది

1956, కార్తీకం, సోమవారం రాత్రి

తల్లి పోయిన పక్కింటి బిడ్డను మా ఇంట్లో పెట్టుకొని వారమైంది. వాళ్ల నాయన కూలికి బళ్లారి పోయాడు. ఉగాదికి వచ్చి తీసుకుపోతానన్నాడు. అంతవరకు బిడ్డకు ఏమీ కాకూడదని నాకు ఒకటే దిగులు.

పొద్దున వదిన వచ్చి, "పేరు మార్చు మే. సచ్చిన తల్లి పెట్టిన పేరుతోనే పిలిస్తే బిడ్డ ఆయమ్మ ఎంబడే పోతాది" అని భయపెట్టింది. సరేనని రోజంతా "లచ్చుమ్మా" అని పిలిచాను. బిడ్డ రాట్నం దగ్గర నూలు కండెలు చుట్టుకుంటూ తల కూడా తిప్పలేదు.

"చెవుడా ఏమే నీకు?" అన్నాను సాయంత్రం.

"లచ్చుమ్మ ఎవురవ్వా? పొద్దున్నుంచి పిలుస్తాండావు, ఆ పాప రానే లేదే!"

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "ఓబులమ్మా, రొట్టె తిందువు రా" అన్నాను. మాట పూర్తికాకముందే పరుగెత్తి వచ్చింది.

వదిన తిడుతుంది, తిట్టనీ. కన్నతల్లి బిడ్డకు చెడు కోరుతుందా? రేపు జ్వరమేదైనా తగిలితే ఎట్లా అనే భయం ఉండనే ఉంది. అయినా పేరు మాత్రం మార్చను. ఉగాదికి వాళ్ల నాయన వాకిట్లో నిలబడి పిలిస్తే బిడ్డ పలకాలి గదా.