పైకాయ చూసి కొనలేదు

అన్నయ్యా,

నువ్వు పోయి ఏడాదైంది. మన పాత కంప్యూటర్ మొన్న పూర్తిగా ఆగిపోయింది. ఇవాళ బ్రాడీపేట వెళ్లి లాప్‌టాప్ కొన్నాను. నా ఆఫీసు పనికీ, మనిద్దరం దాన్లో ఆడుకున్న క్రికెట్ ఆటకీ సరిపోతే చాలనుకున్నాను.

షాపతను ఒకే ధరలో రెండు చూపించాడు.

"ఇది తీసుకోండి మేడమ్, స్పీడ్ ఎక్కువ. స్టిక్కర్ మీద రాసే ఉందిగా."

"స్టిక్కర్ సంగతి తర్వాతండీ. ముందు ఆట పెట్టి చూస్తాను."

మిర్చి యార్డులో సరుకు కొనేటప్పుడు నువ్వు బస్తా పైకాయను ఎప్పుడూ నమ్మలేదు. మోచేతి దాకా బస్తాలోకి చెయ్యి దూర్చి అడుగుకాయ తీసేవాడివి. నేను ఇంటి నుంచి తెచ్చిన ఆట సీడీ పెట్టి, లాప్‌టాప్ కింద అరచెయ్యి ఆనించి ఆడుతూ కూర్చున్నాను. షాపతను విసుక్కున్నాడు. విసుక్కోనీ. స్పీడ్ ఎక్కువన్న ప్రాసెసర్ కాసేపటికే చెయ్యి కాలేంత వేడెక్కి, బంతిని గాలిలోనే ఆపేసింది. పక్కనున్న డ్యూయల్ కోర్ లాప్‌టాప్‌కి స్టిక్కర్ మీద అంకె తక్కువే గానీ, అదే ఆట పెడితే ఒక్కసారీ తడబడలేదు. అదే తెచ్చాను.

ఇంటికొచ్చి ఆట పెడితే రెండో ఆటగాడి పేరు అడిగింది. నీ పేరే కొట్టాను. నీ బ్యాటింగ్ కూడా నేనే ఆడుతున్నాను. ఎప్పుడూ మొదటి ఓవర్లోనే ఔటయ్యేవాడివి. ఇవాళ ఇంకా క్రీజులోనే ఉన్నావు.