ఏడో చెంచా

అక్కా,

సొరుగులో చెంచా ఒక్కటే ఉందని గుండెలు బాదుకోకు. మిగతా ఆరూ నేనే పట్టుకెళ్లాను. ఆ పెర్విటిన్ మత్తుమందు మానేసి ఇవాళ్టికి వంద రోజులు. మత్తు మానినవాళ్లం కలిసే మా మంగళవారం మాటల గుంపులో వంద నిండినవాడు అందరికీ వండిపెట్టాలి. పాలల్లో రవ్వ ఉడికించి, పైన కోకో చల్లాను. గిన్నె అడుగంటింది. నానబెట్టాను, తిట్టుకో.

మత్తు కోసం నేను మాడ్చిన చెంచాల పుణ్యమా అని, నువ్వు ఇప్పటికీ రోజూ వాటిని లెక్కపెడతావని పోయిన వారం అక్కడ చెప్పేశాను. అందరూ పగలబడి నవ్వారు. వాళ్ల ఇళ్లల్లోనూ అదే తంతట! మా గుంపులోని వ్లాస్తా మామ్మ మాత్రం నవ్వలేదు. "మరి ఆ పిల్ల తన భయం ఎవరితో చెప్పుకుంటుందిరా?" అంది.

రదిమ్

తా.క. ఇవాళ గుంపుకి మా ఇళ్లల్లోవాళ్లు కూడా రావచ్చు. ఐదింటికల్లా ట్రాం ఎక్కు. ఆ ఏడో చెంచా నీదే, పట్టుకుని రా.